మందుల చీటీ రాసిన తర్వాత

తార్నాక చౌరస్తా చుట్టూ ఒకసారి నడిస్తే, ఎవరు ఏ కొలువు చేసి దిగారో, వాళ్లకు బీపీ గోలీలు ఎక్కడ దొరుకుతాయో తెలిసిపోతుంది. బస్సు నడిపినవారికి, టికెట్లు కొట్టినవారికి తార్నాకలోనే ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. రైల్వేలో చేసినవారికి మెట్టుగూడ పక్కనే లాలాగూడ సెంట్రల్ ఆసుపత్రి. ఉస్మానియాలో పనిచేసినవారికి క్యాంపస్‌లో హెల్త్ సెంటర్. సైన్యంలో చేసి వచ్చినవారు మాత్రం మెట్టుగూడ దాటి, సికింద్రాబాద్ స్టేషన్ దాటి, కంటోన్మెంటు వైపు వెళ్లాలి. అక్కడ ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ఉంది. మాజీ సైనికుల చందాతో, కేంద్రం డబ్బుతో నడిచే ఆరోగ్య పథకం అది.

ఈ పథకంలో ఏ మందులకు కవరేజీ ఉంది అని అడిగితే, కాగితం మీద జవాబు చాలా ఉదారంగా ఉంటుంది. డాక్టరు రాసిన, రోగానికి అవసరమైన మందు ఏదైనా ఉచితం. గరిష్ఠ పరిమితి లేదు, ముందునుంచీ ఉన్న జబ్బు అన్న మెలిక లేదు, వయసు అడ్డం రాదు. ప్రైవేటు బీమా కంపెనీ ఏదీ డెబ్బై ఏళ్ల మనిషికి ఇంత మాట ఇవ్వదు. కానీ మందుల విషయంలో పథకం విలువను నిబంధన చదివి కాదు, కౌంటర్లో చేతికి ఏం వచ్చిందో చూసి కొలవాలి. ఈ వ్యాసం ఆ కొలత కోసమే. పెద్ద ఆపరేషన్ల దగ్గర ఈ పథకం ఎంతోమంది ఇళ్లను నిలబెట్టింది. నెలనెలా కావలసిన చిన్న గోలీ దగ్గరే ఎక్కువగా తడబడుతోంది.

2003కు ముందు రిటైరైన సైనికుడికి పింఛను ఉండేది, మిలిటరీ ఆసుపత్రి గుమ్మమూ తెరిచే ఉండేది. అయితే అక్కడ మొదటి హక్కు కొలువులో ఉన్న సైనికుడిది, అతని కుటుంబానిది. మిగిలిన మంచం, మిగిలిన మందు రిటైరైనవారికి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1954 నుంచి సీజీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం ఉండగా సైనికులకు అలాంటిది లేదన్న బాధ చాలా కాలం ఉంది. 2002 డిసెంబరు 30న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 2003 ఏప్రిల్ 1న పథకం మొదలైంది. ఆ తేదీ తర్వాత పింఛనుతో రిటైరయ్యేవారికి చేరడం తప్పనిసరి. చందా ఒకేసారి కడతారు. 2017 చివరి నుంచి హవల్దారు వరకు 30,000, జూనియర్ కమిషన్డ్ అధికారులకు (జేసీవో) 67,000, అధికారులకు 1,20,000 రూపాయలు. 1996కు ముందు రిటైరైనవారికి, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న భార్యలకు చందా లేదు. భార్య, పాతికేళ్లు నిండని సంపాదన లేని కొడుకు, పెళ్లి కాని సంపాదన లేని కూతురు, ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దానిపై కరువు భత్యం మించని తల్లిదండ్రులు కార్డులోకి వస్తారు. ఆసుపత్రి వార్డు ర్యాంకును బట్టి మారుతుంది: జనరల్, సెమీ ప్రైవేటు, ప్రైవేటు. మందుల కౌంటర్లో ర్యాంకు లేదు. హవల్దారుకూ కల్నల్‌కూ ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఒకటే. ఈ పథకంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే సంగతి ఇది.

ఇక ఆ గోలీ ఎలా వస్తుందో చూద్దాం. పాలీక్లినిక్ స్వతంత్రంగా మందులు కొనే సంస్థ కాదు. సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టరేట్ జనరల్ దగ్గర పీవీఎంఎస్ అనే పెద్ద పట్టిక ఉంది. మందుకో నంబరు, జెనరిక్ పేరుతో. ఏడాదికి, మూడు నెలలకు ఎంత కావాలో పాలీక్లినిక్ అంచనా వేసి, దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి చెందిన సీనియర్ మెడికల్ అధికారి ద్వారా అడగాలి. సైనిక వైద్య సామగ్రి డిపో నుంచో, ధర కుదిరిన కంపెనీ నుంచో, స్థానికంగా కొనుగోలు చేసో సరుకు వస్తుంది. ఇన్ని చేతులు దాటి రావాలి కాబట్టి అంచనా ఎక్కడ తప్పినా ఆ తప్పు చివరికి కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి మీద పడుతుంది. కొత్త మందు ఒకటి కార్డియాలజిస్టులకు అలవాటైతే, అది పట్టికలోకి ఎక్కేలోపు ఆ మందు ‘పట్టికలో లేనిది’. పాత మందు వాడకం తగ్గితే అలమరలో గడువు తీరిపోతుంది.

పాలీక్లినిక్‌లో పనిచేసే వైద్యాధికారి, ఫార్మసిస్టు, గుమాస్తా చాలావరకు కాంట్రాక్టు మీద వచ్చినవారే. కాంట్రాక్టు పూర్తయితే మనిషి మారతాడు. ఫలానా కాలనీలో ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఎందరు, ఫలానా అమ్మగారికి ఏ మందు పడదు అనే జ్ఞాపకం కూడా అతనితోనే వెళ్లిపోతుంది. మందుల అంచనా అంటే లెక్కల పని అనుకుంటాం గానీ, అందులో సగం ఆ జ్ఞాపకమే.

మందు లేనప్పుడు చీటీ మీద ‘ఎన్‌ఏ’ అని రాస్తారు, ముద్ర వేస్తారు. దొరకలేదు అని దాని అర్థం. ఈ పథకం గురించి మాజీ సైనికులు ఎక్కడ కలిసినా మొదట వచ్చే మాట ఇదే. నిబంధన ప్రకారం ఎన్‌ఏ అంటే రోగిని వదిలేయడం కాదు, ఇంకో దారి మొదలవడం. ఆ దారి రెండు విధాలు. ఒకటి, పాలీక్లినిక్‌తో ఒప్పందం ఉన్న మెడికల్ షాపు నుంచి మందు తెప్పించి ఇవ్వడం. ఏఎల్‌సీ అని పిలిచే ఈ ఏర్పాటు సీజీహెచ్‌ఎస్ నుంచి వచ్చింది. అక్కడ డాక్టరు మందు నమోదు చేస్తే, లేనిది షాపుకు ఇండెంటుగా వెళ్లి సాధారణంగా మర్నాటికి డిస్పెన్సరీకి చేరుతుంది. రెండోది, రోగి తన డబ్బుతో బయట కొని, ఒరిజినల్ చీటీ, ఎన్‌ఏ ముద్ర, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు, కార్డు నకలు, బ్యాంకు వివరాలు పెట్టి రీయింబర్స్‌మెంటు అడగడం. బిల్లులు ఆన్‌లైన్‌లో యూటీఐఐటీఎస్‌ఎల్ సంస్థ పరిశీలన దాటాక డబ్బు ఖాతాలో పడుతుంది.

రెండో దారి చదువుకున్న అధికారికి సులువే. మల్కాజిగిరిలో అద్దెకుండే, నాయక్ ర్యాంకులో రిటైరైన సైనికుడి భార్యకు సులువు కాదు. 600 రూపాయల మందుకు నకళ్లు, ఆటో ఖర్చు, రెండు పూటలు పోతాయంటే ఆమె బిల్లు పెట్టదు. బిల్లు రాలేదు కాబట్టి లెక్కల్లో ఆ మందు కొరతా కనిపించదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ కనిపించని ఖర్చే. ఎన్‌ఏ ముద్ర పడ్డ ప్రతి చీటీ రోగికి ప్రభుత్వం పడ్డ బాకీ. బాకీ వసూలు చేసుకునే భారం అప్పిచ్చినవాడి మీదే వదిలేయకూడదు. ముద్ర వేసిన కంప్యూటరే ఆ మందును ఒప్పందం ఉన్న షాపుకు ఇండెంటుగా పంపాలి. రెండు మూడు రోజుల్లో ఇవ్వలేకపోతే ఫలానా తేదీకి ఇస్తామని చీటీ మీదే రాయాలి. రోగి డబ్బు పెట్టుకోవలసి రావడం చివరి మార్గంగా ఉండాలి, మొదటిది కాకూడదు.

కాగ్ 2015లో ఈ పథకం మీదే ప్రత్యేకంగా పనితీరు ఆడిట్ నివేదిక ఇచ్చింది. మందుల అందుబాటులో లోపాలను అది ఎత్తిచూపింది. ఆ తర్వాత డబ్బు పెరిగింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఈసీహెచ్‌ఎస్‌కు 8,317 కోట్ల రూపాయలు కేటాయించారు, అంతకుముందు ఏడాది కేటాయింపు కన్నా దాదాపు 19 శాతం ఎక్కువ. ఈ డబ్బుకు ఎంప్యానెల్ అయిన, అంటే పథకంతో ఒప్పందం ఉన్న, ఆసుపత్రుల బిల్లులు ఎప్పుడూ ముందు వరసలో ఉంటాయి. ఆసుపత్రి బకాయి కోసం గట్టిగా అడగగలదు, క్యాష్‌లెస్ ఆపేస్తానని చెప్పగలదు. గోలీల కోసం వచ్చిన ముసలాయనకు ఆ బలం లేదు. వైద్యపరంగా చూస్తే తర్కం తలకిందులుగా ఉంది. రోజూ పడవలసిన రక్తపోటు మందు రెండు నెలలు ఆగితే వచ్చే పక్షవాతానికి, మూత్రపిండాల జబ్బుకు ఆ పథకమే లక్షలు కట్టాలి.

ప్రయాణం గురించీ చెప్పాలి. స్పెషలిస్టు కావాలంటే పాలీక్లినిక్ రిఫరల్ ఇస్తుంది. ఎంప్యానెల్ ఆసుపత్రిలో చూపించుకుంటారు. అక్కడి డాక్టరు రాసిన మందులు అక్కడే ఇవ్వరు, చీటీ పట్టుకుని మళ్లీ పాలీక్లినిక్‌కు రావాలి. తార్నాక దగ్గర ఉండేవారికి ఇది ఒక పూట పని. ఏటీఎం దగ్గరో, ఏదో గేటు దగ్గరో సెక్యూరిటీగా రెండో కొలువు చేస్తున్న మాజీ సైనికుడికి ఒక రోజు జీతం. మిలిటరీ మాధవరం పేరు వినని తెలుగువాడు తక్కువ. తాడేపల్లిగూడెం దగ్గర తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు అది. అలాంటి ఊళ్లలో స్థిరపడినవారికి ప్రతి నెలా బస్సు ప్రయాణం తప్పదు. 2021 మేలో రక్షణ శాఖ సెహత్ పేరుతో టెలీ ఓపీడీ తెచ్చింది. డాక్టరుతో మాట ఇంట్లో కూర్చునే అయిపోతుంది. మందును ఇంటికి చేర్చడం మాత్రం ఇంకా అందరికీ అందే సౌకర్యం కాలేదు.

2003కు ముందు రిటైరై పథకంలో చేరనివారికి నెలకు 1,000 రూపాయల వైద్య భత్యం ఉంది. 2017 జూలై నుంచి అదే అంకె. భార్యాభర్తలిద్దరికీ షుగరు, ఒకరికి గుండె మందు ఉంటే ఆ మొత్తం ఎంతోకాలం ఆగదు.

ఇప్పుడు జెనరిక్ మందుల సంగతికి రావాలి. ఎన్‌ఏ తర్వాత ఎక్కువ వినిపించే ఫిర్యాదు, ‘పెద్దాసుపత్రి డాక్టరు రాసింది ఒకటి, ఇక్కడ ఇచ్చింది ఇంకొకటి’ అన్నది. చాలాసార్లు రెండూ ఒకటే. బయటి డాక్టరు బ్రాండు పేరు రాస్తాడు, పాలీక్లినిక్ అదే రసాయనం ఉన్న జెనరిక్ ఇస్తుంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన ఒకే గోలీ పట్టికలో లేకపోతే రెండు విడి గోలీలు ఇస్తుంది. వైద్యానికి తేడా లేదు. కానీ రంగు మారింది, సైజు మారింది, సంఖ్య పెరిగింది. ఎవరూ విడమరచి చెప్పలేదు. అప్పుడు రెండు ప్రమాదాలు. ఒకటి, ఇది నా మందు కాదని పక్కన పెట్టేయడం. రెండోది ఇంకా చెడ్డది: బయట కొన్న బ్రాండునూ, పాలీక్లినిక్ ఇచ్చిన జెనరిక్‌నూ వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకోవడం. షుగరు గోలీ ఇలా రెట్టింపైతే తెల్లవారుజామున మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు.

జెనరిక్ మీద ఉన్న ఈ భయాన్ని పోగొట్టడానికి మెట్టుగూడ, తార్నాక కన్నా తగిన చోటు దేశంలో లేదు. ఉప్పల్ రోడ్డు మీద, ఇప్పటికీ పాతవాళ్లు ఆర్‌ఆర్‌ఎల్ అనే ఐఐసీటీ ఉంది. 1944లో హైదరాబాద్ సంస్థానంలో పరిశోధనశాలగా మొదలై, 1956లో రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీగా, 1989లో ఐఐసీటీగా మారింది. 1970 పేటెంటు చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అందుకే అదే మందును వేరే దారిలో చవకగా తయారుచేసే రసాయన శాస్త్రానికి ఈ నగరంలో గిరాకీ వచ్చింది. ఏవీ రామారావు నాయకత్వంలో ఇక్కడి శాస్త్రవేత్తలు హెచ్‌ఐవీ మందు ఏజెడ్‌టీకి చవకైన తయారీ పద్ధతి రూపొందించి సిప్లాకు ఇచ్చారు. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి తర్వాత డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. హైదరాబాద్ ప్రపంచానికి జెనరిక్ మందులు పంపే నగరమైంది ఇలాగే. 2005లో పేటెంటు చట్టం మారినా, నెలనెలా బీపీకి, షుగరుకు, కొలెస్ట్రాల్‌కు వాడే మందుల్లో చాలా వాటికి పేటెంటు గడువు ఎప్పుడో ముగిసింది. కొరత వచ్చిందంటే అది మందు కొరత కాదు, కొనుగోలులో జాప్యం.

జెనరిక్‌ను నమ్మమని చెప్పేటప్పుడు మరో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. నమ్మకం అడిగే ప్రభుత్వం నాణ్యత పరీక్షలు కట్టుదిట్టంగా చేయాలి, ఫలితాలు బయటపెట్టాలి. కిటికీ దగ్గర ఫార్మసిస్టుకు ఒక్కో మనిషితో రెండు నిమిషాలు మాట్లాడే తీరిక ఉండాలి. ‘అమ్మా, ఇది పాత తెల్ల గోలీయే, కంపెనీ మారింది, పొద్దున ఒకటే’ అని తెలుగులో చెప్పి, కవరు మీద తెలుగులో రాసివ్వాలి. భర్త పోయాక కార్డు తన పేరుతో సరిచేయించుకుని ఒంటరిగా వచ్చే అమ్మలు చాలామంది. బరాక్‌లో హిందీ నేర్చుకున్నది ఆయన, ఆవిడ కాదు.

పొరుగువారితో పోల్చి చూస్తే ఈసీహెచ్‌ఎస్ స్థానం ఇంకా స్పష్టమవుతుంది. రైల్వే పింఛనుదారు రిటైరయ్యేటప్పుడు ఒకసారి చందా కట్టి లాలాగూడలో మందులు తీసుకుంటాడు. డాక్టరు, స్పెషలిస్టు, మందుల కౌంటర్ ఒకే ఆవరణలో ఉండటం అతని అదృష్టం. మందు లేకపోవడం అక్కడా జరుగుతుంది గానీ, ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు చీటీ మోయనక్కర్లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి ఆపరేషన్ చేయిస్తుంది, నెలనెలా షుగరు గోలీ ఇవ్వదు. ఆయుష్మాన్ భారత్ కూడా ఆసుపత్రిలో చేరితేనే. చేరేముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజుల మందులు అందులో కలుస్తాయి. ఓపీ మందులు జీవితాంతం ఇస్తామన్న మాట ఈ దేశంలో కొద్దిమందికే ఉంది, మాజీ సైనికులు వారిలో ఒకరు. అందుకే ఆ మాట నిలబడాలని ఇంత పట్టుదల.

అమెరికా సైన్యపు పథకం ట్రైకేర్ వేరే పద్ధతిలో నడుస్తుంది. 2009 ప్రాంతంలో అమెరికా సైన్యం, వీసా మీద ఉన్న విదేశీయులను భాషా నైపుణ్యం చూసి చేర్చుకున్నప్పుడు ఆ భాషల జాబితాలో తెలుగూ ఉంది. కాబట్టి ఆ పథకం ఇప్పుడు కొన్ని తెలుగు ఇళ్ల సంగతి కూడా. అక్కడ మందులను జెనరిక్, బ్రాండు, జాబితా బయటివి అని అంతరువులుగా విడగొడతారు. కొలువులో ఉన్న సైనికుడు ఏమీ కట్టడు. మిలిటరీ ఫార్మసీలో ఎవరికైనా ఉచితం. ఇంటికి తపాలాలో మూడు నెలల మందు తెప్పించుకుంటే కొంత, బయటి షాపులో నెలకు కొంటే ఇంకొంత చెల్లించాలి. ఏ అంతరువుకు ఎంతో ముందే ప్రకటిస్తారు. అక్కడా కష్టాలున్నాయి. 2022లో వేల సంఖ్యలో చిన్న ఫార్మసీలు ఆ నెట్‌వర్కు నుంచి పోయి పల్లెల్లోని మాజీ సైనికులు ఇబ్బందిపడ్డారు. మనవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలని నేను అనను, చందా కట్టించుకున్నాక మళ్లీ అడగడం న్యాయం కాదు. నేర్చుకోవలసినవి రెండు. నిలకడగా ఉన్న జబ్బుకు మూడు నెలల మందు ఇంటికి పంపడం ఒకటి. ఫలానా మందు జాబితాలో ఉందా, ఈ రోజు ఈ పాలీక్లినిక్‌లో ఉందా అన్నది ఇంటినుంచే ఫోన్లో చూసుకోగలగడం మరొకటి. సాఫ్ట్‌వేర్ రాసే హైదరాబాద్‌కు ఈ రెండోది ఏమంత కష్టం కాదు.

ఇవన్నీ కార్డు ఉన్నవారి సంగతులు. కార్డే రానివారు ఇప్పుడు మన వీధుల్లోకి రాబోతున్నారు. 2022 జూన్ 17న, మెట్టుగూడకు కూతవేటు దూరంలోని సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో నాలుగేళ్ల సైనిక కొలువు పథకం అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా, సైన్యంలో చేరాలనుకున్న కుర్రాళ్లు ఆందోళన చేశారు, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ రోజు మాట ఉద్యోగం గురించి, పింఛను గురించి. మందుల సంగతి ఎవరికీ తట్టలేదు, ఇరవై ఏళ్లకు తట్టే విషయమూ కాదు. నాలుగేళ్లు పూర్తయ్యాక 25 శాతం దాకా సైన్యంలో ఉంటారు. మిగిలినవారికి మాజీ సైనికుల హోదా, ఈసీహెచ్‌ఎస్ ఉండవని పథకం షరతుల్లోనే ఉంది. మొదటి బ్యాచ్ 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లింది కాబట్టి 2026 చివరి నుంచి వాళ్లు ఇళ్లకు చేరడం మొదలవుతుంది. మోకాలు, నడుము, చెవి దెబ్బతిన్న కుర్రాడికి ముప్పై ఏళ్లకే మందులు అవసరం కావచ్చు. పింఛను లేని షార్ట్ సర్వీస్, ఎమర్జెన్సీ కమిషన్ అధికారులను 2019లో చందా కట్టించుకుని ఈసీహెచ్‌ఎస్‌లోకి తీసుకున్నారు. సిపాయిగా నాలుగేళ్లు చేసినవాడి దగ్గరా అలాగే చందా తీసుకుని కార్డు ఇవ్వవచ్చు. దానికి అడ్డుగా ఉన్నది చట్టం కాదు, 2022లో రాసిన ఒక షరతు.